కొత్త కార్ట్రిడ్జ్ వేసినా ప్రింటర్ గుర్తించకపోతే ఏం చేయాలి?

పాత కార్ట్రిడ్జ్‌తో బాగానే నడిచిన ఇంక్‌జెట్ ప్రింటర్ కొత్తది వేయగానే మొరాయిస్తే, ప్రింటర్ పాడైపోయిందని టెన్షన్ పడకండి. చాలాసార్లు కారణం చిన్నదే.

ముందు కార్ట్రిడ్జ్ బయటికి తీసి, ప్యాకింగ్ టేప్ పూర్తిగా ఊడిందో లేదో చూడండి. దానిమీద రాగిరంగు చుక్కలు కనిపిస్తాయి. కార్ట్రిడ్జ్ ప్రింటర్‌కి సమాచారం అందించేది వాటి ద్వారానే. వేలి జిడ్డు, ఎండిన ఇంక్ అంటుకుంటే ఆ దారి మూసుకుపోతుంది. పోగులు రాలని మెత్తటి బట్టను కాస్త తడిపి ఆ చుక్కల్ని, ప్రింటర్ లోపలి పిన్నుల్ని సుతారంగా తుడవండి. ఇంక్ వచ్చే నాజిల్‌ని మాత్రం ముట్టుకోవద్దు. ఆరాక కార్ట్రిడ్జ్ తిరిగి పెట్టి 'టక్' మనేదాకా నొక్కండి.

నంబరు కూడా చూసుకోండి. హెచ్‌పీ 803, 680 చూడ్డానికి ఒకేలా ఉంటాయి, కానీ ఒకదాని బదులు ఇంకొకటి పనిచేయదు.

వేరే కంపెనీ కార్ట్రిడ్జ్ అయితే అసలు చిక్కు దానిమీది చిప్‌తోనే, ప్రింటర్ కార్ట్రిడ్జ్‌ని గుర్తుపట్టేది దాంతోనే. 2016లో హెచ్‌పీ ఆఫీస్‌జెట్ ప్రింటర్లు కొన్ని ఫర్మ్‌వేర్ (ప్రింటర్ లోపల దాన్ని నడిపించే సాఫ్ట్‌వేర్) కారణంగా బయటి చిప్‌లను ఉన్నట్టుండి నిరాకరించాయి. డబ్బు పెట్టి కొన్న ప్రింటర్ మీద ఇలాంటి ఆంక్ష అన్యాయమనే నా అభిప్రాయం. వేరే కంపెనీ కార్ట్రిడ్జ్‌లు వాడేవారు ప్రింటర్ ఫర్మ్‌వేర్ ఆటో అప్‌డేట్ ఆపుకోవడం మేలు.

రీఫిల్ చేయిస్తే వచ్చే 'ఇంక్ అయిపోయింది' మెసేజ్ వేరే సంగతి. చాలా కానన్ పిక్స్‌మా మోడళ్లలో స్టాప్ బటన్‌ని 5 సెకన్లకు పైగా నొక్కిపడితే అది పోతుంది.

ఇవేవీ ఫలించకపోతే పాత కార్ట్రిడ్జ్ తిరిగి పెట్టండి. దాన్ని గుర్తిస్తే లోపం కొత్తదానిలోనే, షాపులో మార్చుకోండి. గుర్తించకపోతే సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లాలి.