ఎనిమిది దేశాలకు వినిపించే గొంతు

ప్రశ్న: నాకు 63 ఏళ్లు. అయిదేళ్లుగా పార్కిన్సన్స్ ఉంది. వారానికోసారి ఎనిమిది దేశాల పేషెంట్లం వీడియో కాల్‌లో కలుస్తాం. దీన్ని పెద్ద అంతర్జాతీయ బృందంగా చేయాలని నా కోరిక. అందరికీ కుదిరే టైమ్ ఎలా పెట్టాలి? ఏ భాషలో నడపాలి? నా భార్య ఇదంతా పనిలేని పని అంటుంది. నేనేం చెప్పినా వినిపించుకోదు.

జవాబు: మీ ఉత్తరం మొదటి పేజీ కళ్లజోడు లేకుండానే చదివాను. మూడో పేజీకి వచ్చేసరికి అక్షరాలు ఆవగింజలయ్యాయి. మీ ఆవిడ గురించి రాసిందంతా అక్కడే ఉంది. రాత అలా చిన్నదైపోవడం జబ్బు లక్షణమే, అందుకు మిమ్మల్ని ఏమీ అనను. ఆవిడని చివరి పేజీకి నెట్టింది మాత్రం జబ్బు కాదు.

టైమ్ సంగతి తేలిక. ఈ నెల ఒకరు నిద్ర మానుకుంటే వచ్చే నెల ఇంకొకరు. మాత్ర పట్టు తగ్గాక మాట పెగలదు కాబట్టి ఎవరి మందుల వేళలు వాళ్లని అడిగి పెట్టుకోండి. భాష అంటారా, ఎలాగూ అందరూ నెమ్మదిగా మాట్లాడేవాళ్లే, ఏదైనా నడుస్తుంది.

‘వినిపించుకోదు’ అన్నారే, నేను ఆగిపోయింది అక్కడ. ఈ జబ్బులో గొంతు తగ్గిపోతుంది. తగ్గిందని మాట్లాడే మనిషికి తెలియదు, మామూలుగానే మాట్లాడుతున్నాననుకుంటాడు. కాల్‌లో మైకు మీ మూతి దగ్గరే ఉంటుంది, అవతలివాళ్లు వాల్యూమ్ పెంచుకుంటారు. వంటింట్లో కుళాయి కింద గిన్నెలు కడుగుతున్న మనిషికి ఆ వసతి లేదండీ. వినిపించుకోకపోవడం వేరు, వినిపించకపోవడం వేరు.

ముఖమూ అంతే. కండరాలు బిగుసుకుపోయి నవ్వు పైకి రాదు. బృందంలో అందరి ముఖాలూ అలాగే ఉంటాయి కాబట్టి అక్కడ ఎవరూ తప్పుపట్టరు. ‘వాళ్లతో ఉంటే హాయిగా ఉంటుంది’ అని మీరే రాశారు. ఆవిడకు కనిపించేది రోజూ మొహం గంటు పెట్టుకుని కూర్చున్న భర్త. అది కోపం కాదని ఎప్పుడైనా చెప్పారా? మూడు పేజీలూ వెతికాను, చెప్పినట్టు లేదు.

రాత్రి పక్కమీద ఒత్తిగిలలేకపోతున్నానని ముక్కూమొహం తెలియని వాళ్లకు చెప్పారు. నిద్ర లేచి మిమ్మల్ని పక్కకు తిప్పే మనిషితో మాత్రం ఆ మాట ఎత్తడానికి నామోషీ. ఆవిడ చేత చొక్కా బొత్తాలు పెట్టించుకుంటూ ఆవిడతోనే ముభావంగా ఉండటాన్ని నేను ఆత్మగౌరవం అనను.

2006లో వాషింగ్టన్‌లో మొదటి ప్రపంచ పార్కిన్సన్ మహాసభ జరిగినప్పుడు డాక్టర్లతో, పరిశోధకులతో పాటు పేషెంట్లనీ, వాళ్లని చూసుకునేవాళ్లనీ ఒకేచోట చేర్చారు. మీ బృందంలో ఇంటివాళ్లకు చోటుందా? ఆ ఎనిమిది దేశాల్లోనూ మీ ఆవిడలాంటి వాళ్లు తలుపు అవతలే ఉండి ఉంటారు.

గొంతు పెంచి మాట్లాడటం నేర్పే స్పీచ్ థెరపీ ఉంది. మీ డాక్టరుగారిని అడగండి, వెళ్లేటప్పుడు ఆవిడనీ తీసుకెళ్లండి. ఈ వారం కాల్‌కి రెండు కుర్చీలు వేసి ముందు ఆవిడని మాట్లాడనివ్వండి. మిమ్మల్ని తిట్టినా సరే, మ్యూట్ నొక్కకండి.