ఉరిమేది ఎవరు?

ప్రశ్న: లాటిన్‌లో ‘ప్లుయిట్’ అన్న ఒక్క మాటకే ‘వాన కురుస్తోంది’ అని అర్థం చెప్పారు. ఇందులో కర్త ఎక్కడుంది?

జవాబు: లేదు. క్రియ చివరి ‘ట్’ ప్రథమ పురుష ఏకవచనానికి గుర్తు, అంతే. నింగిట్ అంటే మంచు కురుస్తోంది, గ్రాందినట్ అంటే వడగళ్లు పడుతున్నాయి. నేను విద్యార్థిగా ఉన్నప్పుడు ఈ మాటల ముందు కర్తను వెతుకుతూ ఒక సాయంత్రమంతా గడిపాను. చివరికి దారి చూపింది తెలుగే. ‘ఉరుముతోంది’, ‘మెరుస్తోంది’ అంటాం. ఏది అని ఎవరూ అడగరు. టొనట్, ఫుల్గురట్ సరిగ్గా అవే. ‘తెల్లవారుతోంది’కి లూకెస్కిట్ ఉంది. ఈ జోడీ నాకు ఎంతో ఇష్టం!

అయితే రోమన్లు ఒక్కోసారి కర్తను చేర్చేవారు: ‘యుప్పిటెర్ టొనట్’, అంటే జూపిటర్ ఉరుముతున్నాడు. ఆకాశం ఆ దేవుడిదే కదా.

వానగా పడింది నీరు కాకపోతే? అప్పుడూ కర్త అక్కర్లేదు. ఆల్బన్ కొండ మీద రాళ్ల వాన కురిసిందన్న వార్తను లివీ తన రోమ్ చరిత్ర మొదటి సంపుటంలో రాశాడు. అక్కడ రాళ్లు తృతీయా విభక్తి తీరులో, ‘రాళ్లతో కురిసింది’ అన్నట్టు వస్తాయి. లాటిన్ బిడ్డ అయిన ఫ్రెంచి మాత్రం ముందు ‘ఇల్’ (‘అది’ లాంటి సర్వనామం) తగిలించి ‘ఇల్ ప్లే’ అంటుంది. ఇటాలియన్‌కు ఇప్పటికీ ‘ప్యోవె’ ఒక్కటే చాలు.