ఫిరంగులు వెనక, ఓపీ పార్టీ ముందు

మీ తమ్ముడు ఆర్టిలరీకి, అంటే సైన్యంలోని ఫిరంగి దళానికి ఎంపికై శిక్షణకు గోల్కొండ సెంటర్‌కు వెళ్తున్నాడనీ, ఫిరంగులు శత్రువుకు మైళ్ళ దూరాన ఉంటాయి కాబట్టి ప్రమాదం లేదని అమ్మగారు ధైర్యం చెప్పుకుంటున్నారనీ రాశారు. ఆర్టిలరీలో రేడియో ఆపరేటర్‌గా పనిచేసి రిటైరైన వాడిని కాబట్టి ఉన్నదున్నట్టు చెబుతాను. ఫిరంగి దూరంగా ఉండేది నిజమే. కానీ దానికి కళ్ళు లేవు. ఆ కళ్ళు ఓపీ (అబ్జర్వేషన్ పోస్ట్) పార్టీ, అంటే గుండు ఎక్కడ పడిందో చూసి చెప్పే చిన్న జట్టు. ఒక అధికారి, ఒకరిద్దరు ఆపరేటర్లు పదాతి దళంతో పాటే ముందుకు నడుస్తారు.

మొదటి గుండు లక్ష్యం మీద పడటం అరుదు. ఎక్కడ పడిందో చూసి, కుడికి వంద, వెనక్కి యాభై అని మీటర్ల లెక్కలో సరిదిద్దాలి. గుండు పడేటప్పుడు అందరూ తల దించుకుంటారు, ఓపీ అధికారి మాత్రం సరిగ్గా అప్పుడే తల ఎత్తాలి. నియంత్రణ రేఖ మీద ఒకసారి మా పక్కనే షెల్ పడి మ్యాపు నిండా మట్టి కొట్టుకుపోయింది. మా కెప్టెన్ సాబ్ దాన్ని మోచేత్తో తుడిచి, వేలు అదే గడి మీద పెట్టి అంకెలు చెప్పారు. గొంతులో వణుకు లేదు. వాటిని రేడియోలో ఫిరంగుల దగ్గరున్న వాళ్ళకు తిరిగి చెప్పేటప్పుడు నా గొంతే తడబడింది. అక్కడ ఒక్క అంకె తప్పితే గుండు మనవాళ్ళ మీదే పడుతుంది. పైగా రేడియో ఏరియల్ కనిపిస్తే శత్రువు ముందు గురిపెట్టేది దాని పక్కనున్న వాళ్ళనే.

కార్గిల్ యుద్ధంలో కెప్టెన్ జెర్రీ ప్రేమ్‌రాజ్ చేసింది ఈ పనే. 1999 జూలైలో ద్రాస్ ప్రాంతంలో తూటా తగిలాక కూడా కాల్పులను నడిపించి అక్కడే ప్రాణం విడిచారు. మరణానంతరం వీర్ చక్ర ఇచ్చారు.

ఈ పనిలో అంతకు మించి వెళ్ళలేని హద్దు ఏమిటంటే నాకు గుర్తొచ్చేది రెండో ప్రపంచ యుద్ధంలో ఇటలీలోని సొమ్మొకొలోనియా అనే ఊరు. 1944 క్రిస్మస్ రాత్రి జర్మన్ సైనికులు మామూలు బట్టల్లో ఆ ఊళ్ళోకి చొరబడ్డారు. తెల్లవారేసరికి అమెరికన్ సేన వెనక్కి తగ్గుతోంది. లెఫ్టినెంట్ జాన్ ఫాక్స్ తన పార్టీతో ఒక ఇంటి మేడ మీద ఆగిపోయి, గుండ్లను అంతకంతకూ తన దగ్గరికే రప్పించాడు. చివరికి తానున్న చోటే కాల్చమన్నాడు. నువ్వు బతకవని ఫిరంగుల వైపు నుంచి హెచ్చరిస్తే, వాళ్ళు మాకంటే ఎక్కువమంది ఉన్నారు, కాల్చండి అన్నాడు. ఊరు మళ్ళీ చేతికి వచ్చాక అతని శవంతో పాటు సుమారు వందమంది జర్మన్ల శవాలు కనిపించాయి.

ఫాక్స్ నల్లజాతి అధికారి. ఆ యుద్ధంలో పోరాడిన నల్లజాతి వారిలో ఒక్కరికీ అప్పట్లో అమెరికా అత్యున్నత సాహస పతకం మెడల్ ఆఫ్ ఆనర్ ఇవ్వలేదు. 1997లో ఏడుగురికి ఇచ్చారు, ఫాక్స్ వారిలో ఒకరు. అప్పటికి ఆ ఏడుగురిలో బతికి ఉన్నది వెర్నన్ బేకర్ ఒక్కరే.

మీ తమ్ముడి సంగతికొస్తే, ఎంత ముందుకు వెళ్తాడన్నది చాలావరకు అతనికి వచ్చే ట్రేడ్‌ను, అంటే దళంలో అప్పగించే పనిని బట్టి ఉంటుంది. గన్ మీద పనిచేసే వాళ్ళు వెనక ఉంటారు, అయితే వాళ్ళను వెతుక్కుంటూ శత్రువు గుండ్లూ వస్తాయి. ఆపరేటర్ అయితే ఓపీకి వెళ్ళే వంతు వస్తుంది. ట్రేడ్ తేలేదాకా అమ్మగారికి ఇదంతా చదివి వినిపించకండి.