సమాధానం: గాలి పోయిన రన్‌ఫ్లాట్ టైరుతో ఎంత దూరం వెళ్ళవచ్చు?

మిత్రమా, మీ బీఎండబ్ల్యూ 5 సిరీస్ కారులో సూర్యాపేట దగ్గర టైరు గాలి పోయిందన్న హెచ్చరిక వెలిగినా, బండి మామూలుగానే నడుస్తున్నందున కుటుంబంతో విజయవాడ దాకా వెళ్ళిపోయానని, ఇప్పుడు పంక్చరు వేయిస్తే చాలునా అని అడిగారు. చాలదు. ఇంకెప్పుడూ అలా ప్రయాణించవద్దని కూడా వేడుకుంటున్నాను. రన్‌ఫ్లాట్ టైరు పక్కగోడలు దృఢంగా ఉండటం వల్ల గాలి పూర్తిగా పోయినా కారు పెద్దగా కుంగదు, అందుకే ప్రమాదం నడిపేవారి చేతికి తెలియదు. అయితే ఆ స్థితిలో గంటకు 80 కిలోమీటర్ల వేగం మించకుండా సుమారు 80 కిలోమీటర్లు మాత్రమే వెళ్ళవచ్చు; మనుషులూ సామానూ నిండుగా ఉంటే అదీ తగ్గుతుంది. సూర్యాపేట నుంచి విజయవాడ అంతకంటే చాలా దూరం.

గాలి లేకుండా అంత దూరం నడిచిన టైరు లోపలి పొరలు వేడికి దెబ్బతింటాయి, బయటికి మచ్చయినా కనిపించకపోవచ్చు. దాన్ని తీసేసి, అదే కొలత గల రన్‌ఫ్లాట్‌నే వేయించండి. కొనేటప్పుడు పక్కగోడపై తయారీ సంఖ్య చివరి నాలుగు అంకెలు చూడండి: 1824 అంటే 2024లో 18వ వారం. గాలిని బండి తీయకముందే, టైర్లు చల్లగా ఉన్నప్పుడు, డ్రైవరు తలుపు దగ్గరి పట్టిక ప్రకారం నింపించి, ఆ తరువాత హెచ్చరిక వ్యవస్థను రీసెట్ చేయండి.