కంపోజిటింగ్ మొదలుపెడుతున్న నీకు

చిరంజీవికి ఆశీస్సులు.

కంపోజిటింగ్, అంటే వేరువేరు బొమ్మల్ని ఒకే షాట్‌గా కలిపే పని, ఏ సాఫ్ట్‌వేర్‌తో మొదలుపెట్టాలని అడిగావు. న్యూక్ నేర్చుకో. పెద్ద స్టూడియోల్లో ఎక్కువగా నడిచేది అదే. దాని నాన్‌కమర్షియల్ వెర్షన్ ఉచితంగా దొరుకుతుంది. అవుట్‌పుట్ 1920×1080 దాటదు, అయినా నేర్చుకోవడానికి అది చాలు. న్యూక్ నీకు కుదరకపోతే డావిన్చీ రిజాల్వ్ ఉచిత వెర్షన్‌లోని ఫ్యూజన్ పట్టుకో. రెండూ నోడ్‌లతో, అంటే ఒక్కో పనికి ఒక్కో పెట్టె పెట్టి తీగలతో కలిపే పద్ధతిలో, పనిచేసేవే, ఒకదాంట్లో వచ్చిన పట్టు రెండోదాంట్లో వృథా కాదు. దీని గురించి ఇంతకన్నా బుర్ర పాడుచేసుకోకు.

నువ్వు కుస్తీ పట్టాల్సింది ఆల్ఫాతో. పై బొమ్మ కింది బొమ్మని ఎంత కప్పుతోందో చెప్పే అంకె అది. పూర్తిగా కప్పితే 1, అసలు కప్పకపోతే 0. రెండు బొమ్మల్ని కలిపే మెర్జ్ నోడ్‌లో ‘ఓవర్’ చేసేది చిన్న లెక్క: కింది రంగుని ఒకటిలోంచి ఆల్ఫా తీసేసిన అంకెతో గుణించి, పై రంగుకి కలుపుతుంది. పోర్టర్, డఫ్ 1984లో రాసిన పేపర్‌లో ఉన్న లెక్కే ఇది. అయితే పై రంగు ముందే ఆల్ఫాతో గుణించి ఉండాలి. దాన్నే ప్రీమల్ట్ అంటాం.

ఒక్కసారి కాగితం మీద వేసి చూడు. జుట్టు అంచున ఒక పిక్సెల్ రంగు 0.8, ఆల్ఫా 0.5, వెనక గోడ 0.2 అనుకో. ప్రీమల్ట్ చేస్తే 0.4, దానికి గోడ నుంచి 0.1 కలిసి 0.5 వస్తుంది. సరైన జవాబు అదే. పొరపాటున రెండుసార్లు ప్రీమల్ట్ చేస్తే 0.3 వచ్చి అంచు చుట్టూ నల్లగీత పడుతుంది. అసలు చేయకపోతే 0.9, అంచు తెల్లగా మెరుస్తుంది. ఈ లెక్క ఒంటబట్టిందంటే, గీత కనిపించగానే తప్పు ఎక్కడుందో నీకే తెలుస్తుంది. త్రీడీ రెండర్లు సాధారణంగా ప్రీమల్ట్ అయ్యే వస్తాయి కాబట్టి రంగు దిద్దే ముందు అన్‌ప్రీమల్ట్ చేసి (ఆల్ఫాతో భాగించి), దిద్దాక మళ్లీ ప్రీమల్ట్ చెయ్యి.

గ్రీన్‌స్క్రీన్ దగ్గర, పచ్చరంగుని తీసేసే కీయర్ ఒక్కదానితోనే పని అయిపోవాలని పట్టుబట్టకు. ఏ భాగం ఉంచాలో చెప్పే నలుపు తెలుపు బొమ్మని మ్యాట్ అంటాం. ఒళ్లంతా గట్టిగా నిండే కోర్ మ్యాట్ ఒకటి, జుట్టు కోసం మెత్తటి అంచు మ్యాట్ ఒకటి విడివిడిగా తీసి కలుపు. రోటో, అంటే మనిషి చుట్టూ చేత్తో షేపులు గీసి వేరుచేసే పని, విసుగని తప్పించుకోవద్దు, చాలామందికి మొదటి ఉద్యోగం దాంట్లోనే వస్తుంది. మనిషినంతా ఒకే షేప్‌తో చుట్టకుండా భుజం, ముంజేయి, అరచెయ్యి వేరువేరుగా గీయి. ప్రతి ఫ్రేమ్‌లోనూ షేప్‌ని సర్ది కీ పెట్టావంటే అంచు వణుకుతుంది. కదలిక దిశ మారే ఫ్రేముల్లో ముందు పెట్టుకుని, తర్వాత మధ్యలో అవసరమైన చోట మాత్రమే చేర్చు.

ఇక కళ్లకి ఇవ్వాల్సిన శిక్షణ. నువ్వు పెట్టిన వస్తువు షాట్‌లో కలవకుండా పైన అంటించినట్టు కనిపిస్తోందంటే చాలాసార్లు కారణం నలుపులు కలవకపోవడమే. బొమ్మని చూపించే వ్యూయర్‌లో గామా బాగా పెంచి (చీకటి భాగాలు వెలుగుగా కనిపిస్తాయి), నువ్వు పెట్టిన వస్తువులోని నలుపుని, ప్లేట్‌లో (కెమెరాతో తీసిన అసలు ఫుటేజ్‌లో) అంతే దూరంలో ఉన్న నలుపుతో పోల్చు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం చానెళ్లు ఒక్కొక్కటిగా చూడు. గ్రెయిన్, అంటే ఫుటేజ్‌లో కదిలే సన్నటి నలుసులు, కూడా అలాగే సరిపోల్చు. నీలంలో అది సాధారణంగా ఎక్కువగా ఉంటుంది.

ట్యుటోరియల్‌తో ఇచ్చే ఫుటేజ్ వద్దు, నువ్వే ఫోన్‌తో ఒక షాట్ తియ్యి. కెమెరా కొద్దిగా కదలాలి, గోడ మీద నువ్వు పెట్టే బొమ్మ ముందు నుంచి ఎవరైనా ఒకరు నడిచి వెళ్లాలి. ట్రాకింగ్ (కెమెరా కదలికని పట్టుకోవడం), రోటో, రంగు, గ్రెయిన్ అన్నీ అందులోనే వస్తాయి. అది పూర్తయ్యేదాకా ఇంకోటి ముట్టుకోకు. అయ్యాక రెండర్‌తో పాటు స్క్రిప్ట్ (ప్రాజెక్ట్ ఫైల్), ప్లేట్ కూడా పంపు. మనిషి బొమ్మని దాటే ఫ్రేముల్లో అంచులు ఎలా వచ్చాయో చూసి రాస్తాను.