అరకులో వేణ్నీళ్లకు ఎండను నమ్ముకోవచ్చా?

అరకులో ఎనిమిది గదుల హోం స్టే కడుతున్నామని, లైట్ల నుంచి గీజర్ల దాకా అన్నీ సౌర విద్యుత్తుతోనే నడపాలనుకుంటున్నామని, అందుకు కప్పు మీద 3 కిలోవాట్ల ప్యానెళ్లు సరిపోతాయా అని మీరు అడిగారు. సరిపోవు. అదే లోయలో ఆరు గదుల అతిథి గృహం నిర్వహణను నాలుగేళ్లు చూసినవాడిగా ఈ మాట చెబుతున్నాను. స్థలమూ భవనమూ అక్కడి గిరిజన కుటుంబానివి. జమాఖర్చులూ నీళ్లూ కరెంటూ నా బాధ్యత.

కొండ మీద విడిది నడిపేవారికి అసలు తలనొప్పి కరెంటు కాదు, వేణ్నీళ్లు. మన దగ్గరికి జనం వచ్చేదే నవంబరు నుంచి జనవరి దాకా, అంటే మంచు ఉదయం తొమ్మిదింటి వరకూ విడవని రోజుల్లో. పాడేరు దగ్గరి వంజంగి కొండ మీద మేఘాలు చూడాలన్నవారు తెల్లవారుజామున మూడున్నరకే బయలుదేరతారు, ఆ చలిలోనూ తలస్నానం చేసి మరీ బయలుదేరతారు. ఎనిమిది గదులకు తక్కువలో తక్కువ 400 లీటర్ల వేడినీళ్లు కావాలి. పదిహేను డిగ్రీల నీటిని యాభై డిగ్రీలకు తేవాలంటే 200 లీటర్లకే ఎనిమిది యూనిట్లు ఖర్చవుతాయి, కనుక 400 లీటర్లకు పదహారు. మంచి ఎండ కాసిన రోజున కూడా 3 కిలోవాట్ల ప్యానెళ్లు ఇచ్చేది సుమారు పన్నెండు యూనిట్లే. ఎండను ముందు కరెంటుగా మార్చి, ఆ కరెంటుతో మళ్లీ నీళ్లు కాచడం నా దృష్టిలో శుద్ధ దండుగ. నీళ్లను నేరుగా ఎండకే కాగనివ్వండి; గాజు గొట్టాల సోలార్ హీటరు అందుకే ఉంది.

అయితే హీటరుకూ దాని మర్యాద దానికుంది. ఒక సంక్రాంతికి ముందు మా కప్పు మీద మంచి ఎండలోనే మూడు గొట్టాలు పగిలాయి. తప్పు నాదే. మాకు వచ్చేది కొండ ఊట నుంచి గ్రావిటీ మీద దిగే నీళ్లు. వాటితో పాటు సన్నటి ఒండ్రు వచ్చి హీటరు అడుగున పేరుకుంటుంది. రద్దీ మొదలవకముందే కడిగిద్దామని ఉదయం ఎనిమిదింటికి హీటరు పూర్తిగా ఖాళీ చేయించాను. నీళ్లు మోటారుతో కప్పు మీదికి ఎక్కిద్దామనుకునేసరికి ఘాట్ రోడ్డులో లైను మీద చెట్టు పడి కరెంటు పోయింది. పదిన్నరకు మంచు విచ్చి ఎండ ఫెళ్లున కాసింది. ప్యానెళ్లు నిగనిగలాడుతున్నాయి, మోటారు మాత్రం కదలదు. రాజమండ్రి నుంచి వచ్చిన పెద్దావిడ ఒకరు వరండాలో కూర్చుని, "ఇంత ఎండ కాస్తుంటే ఎండ కరెంటు రాదేమిటి నాయనా?" అని అడిగారు. నిజానికి ప్యానెళ్ల కరెంటును బయటి లైనుతో కలిపే ఆన్‌గ్రిడ్ ఇన్వర్టరు పనితీరే అంత: బయటి లైనులో కరెంటు ఆగిపోతే అదీ ఆగిపోతుంది. లేకపోతే మన కప్పు మీది కరెంటు తీగలోకి వెళ్లి, స్తంభమెక్కిన లైన్‌మన్ ప్రాణం తీస్తుంది. అమ్మినవాడు ఈ ఒక్క ముక్క చెప్పకుండా మిగతావన్నీ చెప్పాడు.

మధ్యాహ్నం ఒంటిగంటకు కరెంటు రాగానే మా కుర్రాడు ఉత్సాహంగా మోటారు వేశాడు. రెండున్నర గంటలుగా ఖాళీగా కాలిన గాజులోకి ఊటనీళ్లు దిగాయి. ముందు టప్పుమని ఒక చప్పుడు, ఆ వెంటనే ఇంకో రెండు. పగిలిన గొట్టాల్లోంచి నీళ్లన్నీ కప్పు మీదుగా వరండాలోకి జారాయి. ఎండలో ఎండిన గొట్టాల్లోకి సాయంత్రం చల్లబడే దాకా నీళ్లు వదలకూడదని నాకు ఆ రోజే తెలిసింది. పెద్దావిడ కాళ్లు పైకి పెట్టుకుని, "కాగు లేదా మీ ఇంట్లో?" అన్నారు. ఉంది. ఆ రాత్రి ఆరు గదులకూ వేణ్నీళ్లు కాచింది ఆ కాగే, కాఫీ తోటలో నరికిన సిల్వర్ ఓక్ కొమ్మలతో. అదీ పునరుత్పాదక ఇంధనమే కదా అంటే పొగతో కళ్లు మండిన మా కుర్రాడు ఒప్పుకోలేదు.

సందర్భం వచ్చింది కనుక ఇంకొక మాట. లంబసింగి గుడారాల దగ్గర పాటల పెట్టెల కోసం రాత్రంతా డీజిల్ జనరేటర్లు నడిపి, ప్రకటనల్లో మాత్రం 'ప్రకృతి ఒడి' అని రాసేవారిని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఇక జలవిద్యుత్తుకు ఈ కొండల్లో కొదవ లేదు. మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం 1955 నుంచీ నడుస్తోంది. ఎగువ సీలేరు, దిగువ సీలేరు కేంద్రాలూ ఉన్నాయి. ఆ తీగలన్నీ మా తలల మీదుగానే మైదానానికి వెళ్తాయి, మా లైను మీద మాత్రం చిన్న గాలికే కొమ్మ పడుతుంది. అందుకే సౌర విద్యుత్తు ఇక్కడ బిల్లు తగ్గించుకోవడానికి కాదు, కరెంటు పోయినప్పుడు ఆదుకోవడానికి ఉండాలని నా గట్టి అభిప్రాయం.

కాబట్టి మీరు లైను పోయినా బ్యాటరీతో నడిచే హైబ్రిడ్ ఇన్వర్టరు తీసుకుని, దాని మీద లైట్లు, ఫోన్ చార్జింగు, నీళ్ల మోటారు మాత్రమే పెట్టండి. ప్రధానమంత్రి సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకు ఇచ్చే 78,000 రూపాయల రాయితీ నివాస గృహాలకే కనుక, వ్యాపార కనెక్షనుకు దాన్ని లెక్కలో వేసుకోకండి. 200 లీటర్ల హీటర్లు రెండు, స్నానాల గదులకు వీలైనంత దగ్గరగా బిగించండి. గొట్టపు దారి పొడవైతే మొదటి బకెట్టు చన్నీళ్లే వస్తాయి, అతిథి వేడి లేదనుకుని మొత్తం వదిలేస్తాడు. రాత్రి తొమ్మిదింటికి ఒక హీటరు వాల్వు కట్టేసి తెల్లవారుజామున తెరిస్తే, వంజంగి వెళ్లేవారికి నిన్నటి ఎండ మిగిలి ఉంటుంది. వరుసగా రెండు రోజులు మబ్బు పట్టిందా, కాగు వెలిగించండి. దానికి పొగగొట్టం మాత్రం ఇల్లు కట్టేటప్పుడే పెట్టించండి, మేము పెట్టించలేదు.