హెరిటేజ్ వాక్‌లు, పాత ఇళ్ల మ్యూజియాలు: ఇందులో ఉద్యోగం ఉంటుందా?

ప్రశ్న: మాది నెల్లూరు. ఇరవై ఏళ్లుగా చెన్నై కొళత్తూరులో ఉంటున్నాం. మా అమ్మాయి బీఏ హిస్టరీ రెండో సంవత్సరం. ఆదివారం వస్తే చాలు, పొద్దున్నే లేచి పాత వీధులు, కట్టడాలు నడుస్తూ చూసే హెరిటేజ్ వాక్ అంటూ జార్జ్ టౌన్‌కో మైలాపూర్‌కో వెళ్లిపోతుంది. ఆగస్టులో ఊరి పుట్టినరోజుగా జరిపే మద్రాస్ డే కార్యక్రమాలకి వాలంటీరు. పెద్దవాళ్లు బతికిన ఇళ్లని మ్యూజియాలుగా పెడతారు కదా, అలాంటి చోట జనం కోసం కార్యక్రమాలు నడిపే పని చేస్తానంటోంది. బీఎడ్ వద్దట, గ్రూప్స్ వద్దట. వాళ్ల నాన్నగారు దాంతో మాట్లాడటం మానేశారు. అసలు ఇది ఉద్యోగమేనా? ఇల్లు గడిచేంత జీతం వస్తుందా?

జవాబు: అమ్మా, ఉద్యోగమే. కాకపోతే మీ ఇంట్లో ముగ్గురూ మూడు రకాల ఉద్యోగాలు మనసులో పెట్టుకుని వాదించుకుంటున్నట్టున్నారు. మీకు ఎండలో జెండా పట్టుకుని టూరిస్టుల ముందు నడిచే గైడ్ కనబడుతున్నాడు, మీవారికి ఎవరూ రాని మ్యూజియంలో ఫ్యాను కింద కునికే గుమాస్తా కనబడుతున్నాడు, అమ్మాయికి మైకు పట్టుకుని కథ చెబుతున్న తనే కనబడుతోంది. ఇందులో జీతం ఇచ్చే పని ఏమిటంటే, ఒక పాత ఇల్లో వీధో చేతికిచ్చి "ఈ ఏడాది ఇక్కడికి జనాన్ని రప్పించు, వచ్చినవాళ్లు మళ్లీ వచ్చేలా చెయ్యి" అంటారే, అది. కథ చెప్పడం అందులో నాలుగో వంతు కూడా ఉండదు.

ఒక ఇల్లు తీసుకుని చెబుతాను. మెరీనా ఎదురుగా వివేకానందర్ ఇల్లం ఉంది కదా, మన పెద్దవాళ్లు ఇప్పటికీ ఐస్ హౌస్ అనే అంటారు. 1842లో ఫ్రెడరిక్ ట్యూడర్ అనే అమెరికా వ్యాపారి, ఓడల్లో తెచ్చిన ఐసు గడ్డలు దాచడానికి కట్టించాడు దాన్ని. ఇక్కడే ఐసు తయారు చేసే యంత్రాలు వచ్చాక ఆ వ్యాపారం పడిపోయింది. తర్వాత బిలిగిరి అయ్యంగార్ అనే వకీలు కొని ఇల్లుగా మార్చుకున్నారు. అమెరికా, ఇంగ్లండు తిరిగి వచ్చిన వివేకానందుడు 1897 ఫిబ్రవరిలో తొమ్మిది రోజులు అక్కడే బస చేశారు. ఆ తర్వాత సిస్టర్ సుబ్బలక్ష్మి బాల వితంతువులని చదివించడానికి నడిపిన హాస్టల్ కూడా ఆ గోడల మధ్యే ఉండేది. ఇప్పుడు రామకృష్ణ మఠం చూసుకుంటోంది.

ఇదంతా వరుసగా చెప్పి చప్పట్లు కొట్టించుకోవడం మీ అమ్మాయికి ఈపాటికి వచ్చే ఉంటుంది. కార్యక్రమం నడిపే మనిషి ఆలోచన వేరేగా ఉంటుంది. ఆరో తరగతి పిల్లలు ముప్పై మంది వస్తున్నారు, వాళ్లకి తేదీలు అక్కర్లేదు. పొద్దున పది గంటలకి రెండు ఐసు గడ్డలు తెప్పిస్తావు. ఒకటి ఉత్త పళ్లెంలో పెడతావు, రెండోదాన్ని రంపపు పొట్టులో కప్పెడతావు, ఆ రోజుల్లో ఓడల్లో అలాగే తెచ్చేవారు కాబట్టి. పిల్లల్ని ఇల్లంతా తిప్పి గంట తర్వాత మళ్లీ అక్కడికే తీసుకొస్తావు. పళ్లెం నిండా నీళ్లు. పొట్టులో చెయ్యి పెట్టిన పిల్ల "మేడమ్, ఇంకా ఉంది!" అని అరుస్తుంది. ఇక ఆ ఇల్లు ఆ పిల్ల మర్చిపోదు. సరే, కానీ ఈ అరుపు మఠం ఆవరణలో పనికొస్తుందా? లోపల ధ్యానం చేసుకునేవాళ్లు ఉంటారు. కాబట్టి ఐసు ప్రయోగం లోపల కాదు, బయట ఎక్కడో. దానికి ముందే ఉత్తరం రాసి అనుమతి తీసుకోవాలి. రంపపు పొట్టు గాలికి ఎగిరితే ఊడ్చేదెవరో ముందే తేల్చుకోవాలి. స్కూలు బస్సు ఎక్కడ ఆగుతుంది, బాత్రూములు ఎన్ని, పాత చెక్క మెట్లున్న ఇళ్లలో ఒక్కసారి ఎంతమందిని పైకి పంపొచ్చు, చెప్పులు ఎక్కడ విడుస్తారు, నడవలేని తాతగారు వస్తే కింద కూర్చోబెట్టి ఏం చూపిస్తావు. ఇవన్నీ పట్టించుకునే మనిషి కోసమే మ్యూజియాలు వెతుక్కుంటాయి, దొరకడం లేదు. చరిత్ర బాగా తెలిసినవాళ్లు బోలెడుమంది దొరుకుతారు.

ఇప్పుడు డబ్బు సంగతి. సొంతంగా వాక్‌లు చేసుకుంటుందనుకుందాం. మనిషికి 400 రూపాయలు, ఇరవై మంది వస్తే 8,000. తోడు వచ్చే మనిషికి, టిఫిన్‌కి, లోపలి టికెట్లకి పోగా ఐదు వేలు మిగిలితే, నాలుగు ఆదివారాలకి ఇరవై వేలు. వినడానికి పర్వాలేదు. కానీ చెన్నైలో ఏప్రిల్, మేలలో ఎండకి ఎవరు నడుస్తారు? అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఏ ఆదివారం వాన పడుతుందో వాతావరణ శాఖ కూడా ముందుగా చెప్పలేదు. పైగా మద్రాస్ డే మొదలైన 2004 నుంచీ ఆ వారంలో జరిగే వాక్‌లు, ఉపన్యాసాలు చాలావరకు ఉచితమే, ఇష్టంతో చేసేవాళ్ల మీద నడుస్తున్నాయి. ఊరికి అది మంచిదే, దాన్నే బతుకుతెరువు చేసుకోవాలనుకునే ఇరవై ఏళ్ల పిల్లకి మాత్రం పోటీ. అందుకే ఒక్క వాక్‌లనే నమ్ముకోవద్దని నా సలహా. అవి చేతిఖర్చుకీ, పేరుకీ సరిపోతాయి.

ప్రభుత్వ ఉద్యోగం గురించి మీవారు అడుగుతారు. ఎగ్మోర్ మ్యూజియం 1851 నాటిది, మన అమరావతి శిల్పాలు చాలా ఉన్నది అక్కడే. అలాంటి రాష్ట్ర మ్యూజియాల్లో క్యూరేటర్ (మ్యూజియం వస్తువుల బాధ్యత చూసే అధికారి) పోస్టులు టీఎన్‌పీఎస్సీ, అంటే తమిళనాడు పబ్లిక్ సర్వీస్ కమిషన్ ద్వారా వస్తాయి. సెయింట్ జార్జ్ కోటలోని మ్యూజియం కేంద్ర పురావస్తు శాఖది. పోస్టులు తక్కువ, నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుందో చెప్పలేం, టీఎన్‌పీఎస్సీకి తమిళం కూడా గట్టిగా రావాలి. ఇంకో సంగతి చాలామందికి తెలియదు: ట్రిప్లికేన్‌లోని భారతియార్ ఇల్లు, టీ నగర్‌లోని కామరాజ్ ఇల్లు లాంటి స్మారక గృహాలు మ్యూజియం శాఖ కింద లేవు, సమాచార, ప్రజాసంబంధాల శాఖ చూస్తుంది. మీ అమ్మాయి కలలు కంటున్న ఇళ్లు ఇవే అయితే, క్యూరేటర్ పరీక్ష పాసైనా ఆ ఇళ్లకి పోస్టింగ్ వస్తుందనుకోవద్దు. పరీక్షలు రాయనివ్వండి, కానీ వాటి కోసం నాలుగేళ్లు ఇంట్లో కూర్చోవడం నాకు నచ్చదు.

మరి నెల జీతం ఎక్కడ? ట్రస్టులు, ప్రైవేటు మ్యూజియాలు నడిపేచోట. ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద ముట్టుకాడులో దక్షిణచిత్ర మ్యూజియం 1996లో తెరిచారు, నాలుగు దక్షిణాది రాష్ట్రాల పాత ఇళ్లని విప్పి తెచ్చి మళ్లీ కట్టారు, అందులో మన ఇకత్ నేతగాళ్ల ఇల్లూ ఉంది. స్కూలు పిల్లలకి వర్క్‌షాపులు అక్కడ మామూలే. బెంగళూరులో మ్యాప్ అనే కళలు, ఫొటోల మ్యూజియం 2023లో వచ్చింది, జేపీ నగర్‌లో సంగీతానికే ఒక మ్యూజియం ఉంది. ఇలాంటి చోట్ల మొదటి జీతం ఐటీలో చేరిన కజిన్ జీతం పక్కన పెట్టి చూస్తే టెన్షన్ పెరుగుతుంది, చూడకండి. రెండుమూడేళ్ల తర్వాత స్కూళ్లకి కార్యక్రమాలు తయారు చేయడం, సంస్థలకి ఎగ్జిబిషన్లు పెట్టడం, కంపెనీల చరిత్ర రాసిపెట్టడం ఇవన్నీ తోడవుతాయి.

బీఎడ్ వద్దనడం మాత్రం తొందరపాటు. మ్యూజియంలో విద్యా కార్యక్రమాలు చూసే పనికి బీఎడ్ చేసిన మనిషి మీద నమ్మకం ఎక్కువ, స్కూలు ప్రిన్సిపాల్‌తో ఎలా మాట్లాడాలో తెలుస్తుంది కాబట్టి. మ్యూజియాలు నడిపే చదువు, మ్యూజియాలజీయే చదువుతానంటే బరోడా ఎమ్మెస్ యూనివర్సిటీలో 1952 నుంచి ఆ కోర్సు ఉంది, నోయిడాలో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెరిటేజ్ ఉంది, అహ్మదాబాద్ యూనివర్సిటీలో హెరిటేజ్ మేనేజ్‌మెంట్ చెబుతారు. ఫీజు, హాస్టల్ లెక్క చూసుకుని వెళ్లండి, అప్పు చేసి మాత్రం వద్దు. ఈ రంగంలో అప్పు తీర్చే వేగం తక్కువ.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను, ఇది అమ్మాయిని కూడా పక్కన కూర్చోబెట్టుకుని చదవండి.

అమ్మాయ్, నీకు తెలుగు చదవడం వచ్చా? ఇంట్లో మాట్లాడటం గురించి కాదు అడుగుతున్నది. పాత అచ్చు, చేతిరాత, కరణాల లెక్కల తెలుగు చదవగలవా? చెన్నైలో హెరిటేజ్ వాక్ చేసేవాళ్లలో ఇంగ్లీషు దంచేసేవాళ్లు కోకొల్లలు, తమిళంలో చక్కగా చెప్పేవాళ్లూ ఉన్నారు. కానీ ఈ ఊరి చరిత్రలో పెద్ద భాగం తెలుగువాళ్లది. 1639లో ఇంగ్లీషు కంపెనీకి ఆ ఇసుక తీరం రాసిచ్చింది దామెర్ల నాయకులు, చెన్నపట్నం పేరు వాళ్ల తండ్రి చెన్నప్పది. కంపెనీకి, ఇక్కడివాళ్లకి మధ్య మాట్లాడిపెట్టిన తొలి దుబాసీల్లో ఒకరు బేరి తిమ్మప్ప. కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ కోసం ఊరూరా తిరిగి, గుళ్లలో శాసనాలు ఎత్తి రాసి, ముసలివాళ్లని అడిగి స్థానిక చరిత్రలు పోగుచేసినవాళ్లు ఏలూరు నుంచి వచ్చిన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి అనే అన్నదమ్ములు. వాళ్లు రెండు వందల ఏళ్ల కిందట జీతం తీసుకుని చేసిన పనే నువ్వు చేస్తానంటున్నది, మీ నాన్నగారికి ఈ ముక్క చెప్పు. కైఫియత్తులు అనే ఆ స్థానిక చరిత్రలు చాలా వరకు చెన్నైలోని ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలోనే ఉన్నాయి. సెలవుల్లో వెళ్లి కూర్చో. ఆ కాగితం చదివి ఇంగ్లీషులో, తమిళంలో చెప్పగలిగితే నీతో పోటీ పడేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే.

రెండోది, ఈ ఏడాది ఒక్క కార్యక్రమం మొదటి నుంచి చివరి దాకా నువ్వే చెయ్యి. మైలాపూర్‌లో రాయపేట హైరోడ్డు మీద బులుసు సాంబమూర్తి గారి ఇల్లు ఉండేది, ఆంధ్ర రాష్ట్రం కోసం పొట్టి శ్రీరాములు 1952 అక్టోబరు 19న దీక్ష మొదలుపెట్టి 58 రోజులు ఉన్నది, డిసెంబరు 15 రాత్రి కన్నుమూసింది అక్కడే. ఇప్పుడది శ్రీరాములు గారి స్మారక భవనం. అక్కడి నిర్వాహకుల అనుమతి తీసుకుని, డిసెంబరు 15కి దగ్గర్లో ఒక సాయంత్రం పెట్టు, పాతిక మంది చాలు. ఉపన్యాసాలు వద్దు, దండలు వద్దు. ఆ రోజుల్లో మద్రాసులో చదువుకున్న, పనిచేసిన కుటుంబాల పెద్దవాళ్లని పిలువు, ఇంట్లో ఉన్న పాత ఉత్తరం, ఫొటో, రేషన్ కార్డు, ఏదో ఒకటి పట్టుకు రమ్మను.

ఇక్కడ జాగ్రత్త. అది ఆంధ్ర రాష్ట్రం గొడవ మాత్రమే కాదు, మద్రాసు ఎవరిది అన్న గొడవ కూడా. "మద్రాస్ మనదే" అని మనవాళ్లు అంటుంటే, అవతల తమిళులకి కూడా అంతే పట్టుదల ఉండేది. పక్క వీధి తమిళ పెద్దాయన కూడా ఆ సాయంత్రం వస్తే, ఆయన ముందు నువ్వు కథ ఎలా చెబుతావు? ఆయన వైపు జ్ఞాపకం కూడా బల్ల మీదకి వచ్చేలా ఎలా అడుగుతావు? మనవాళ్లలో ఒకాయన గొంతు పెంచితే మర్యాద పోకుండా ఎలా ఆపుతావు? రేపు ఇంటర్వ్యూలో నువ్వు చెప్పుకోవాల్సింది ఇదే. నేను మ్యూజియం వాళ్ల స్థానంలో ఉంటే నీ మార్కుల కంటే ఈ సాయంత్రం గురించే అరగంట అడుగుతాను.

ఖర్చు లెక్క రాసిపెట్టు. ఎంతమంది వస్తామన్నారు, ఎంతమంది వచ్చారు, ఎవరు మధ్యలో లేచి వెళ్లారు, ఎందుకు. ఫొటోలు పదికి మించి వద్దు, ఎవరి ఉత్తరాన్ని ఫొటో తీశావో వాళ్ల అనుమతి సంతకం ఉండాలి. ఇది ఒక ఫైలుగా పెట్టుకుంటే, బరోడాకి దరఖాస్తు చేసినా దక్షిణచిత్రలో ఇంటర్న్‌షిప్ అడిగినా అదే చూపించొచ్చు. రేపు మన వైపే రాజమండ్రి కందుకూరి వారి ఇంటికో, విజయనగరం గురజాడ వారి ఇంటికో ఏదైనా చేద్దామని వెళ్లినా పనికొస్తుంది.

మీకు, అమ్మా: డిగ్రీ అయ్యాక రెండేళ్లు గడువు ఇవ్వండి, ముందే చెప్పి ఇవ్వండి. ఆ రెండేళ్లలో నెల జీతం ఉన్న పనో, స్టైపెండ్ ఉన్న ట్రైనింగో దొరక్కపోతే బీఎడ్‌లో చేరాలి, వాక్‌లు ఆదివారాలకి ఉంచుకోవాలి. దానికి అమ్మాయి ఒప్పుకుంటే మీరు రోజూ అడగడం మానెయ్యాలి, అది కూడా ఒప్పందంలో భాగమే. మీవారిని ఒప్పించే పని నాకు పెట్టకండి, నా వల్ల కాదు. ఆ డిసెంబరు సాయంత్రానికి మాత్రం ఆయన్ని తీసుకెళ్లండి. అమ్మాయితో మాట్లాడక్కర్లేదు, గుమ్మం దగ్గర రిజిస్టరు ముందు కూర్చోబెట్టండి. వచ్చినవాళ్ల పేరు, ఊరు, ఫోన్ నంబరు రాసుకోవడానికి ఓపికున్న మనిషి ఏ కార్యక్రమానికైనా ఒకరు తక్కువే పడతారు.